నెమ్మదిగా నడిపితే బోటు ఎందుకు వంకర్లు తిరుగుతుంది?

లేక్ మధ్యలో గంటకు 30 మైళ్లతో తిన్నగా పోయిన బోటు, మెరీనా (బోట్లు కట్టేసే రేవు) దగ్గర నో-వేక్ జోన్‌లో, అంటే అలలు లేపకుండా పోవాల్సిన చోట, ఐడిల్‌కి (గేరులో ఉండి ఇంజన్ అతి నెమ్మదిగా తిరిగే స్థితికి) రాగానే కాసేపు ఎడమకి, కాసేపు కుడికి ముక్కు తిప్పుతుంది. సరిచేయబోతే ఇంకా ఎక్కువ తిరుగుతుంది. అటూ ఇటూ ఖరీదైన బోట్లు కట్టేసి ఉంటాయి, వెనక సీట్లోంచి బంధువులు సలహాలిస్తుంటారు. టెన్షన్ రాక ఏమవుతుంది? పోనీ గబగబా దాటేద్దామా అంటే కుదరదు. ఉదాహరణకి జార్జియాలో డాక్‌కి, వంతెనకి, లంగరేసిన బోటుకి 100 అడుగుల లోపు ఐడిల్ స్పీడులోనే పోవాలని చట్టం.

సెకండ్‌హ్యాండ్‌లో ఇరవై అడుగుల అవుట్‌బోర్డ్ బోటో (ఇంజన్ మొత్తం వెనక బయట బిగించి ఉండేది), స్టెర్న్‌డ్రైవ్ బోటో (ఇంజన్ లోపల, ప్రొపెల్లరుండే కాలు, అంటే డ్రైవ్, వెనక బయట ఉండేది) కొన్నవాళ్లకు ముందుగా వచ్చే అనుమానం, స్టీరింగ్ పాడైన బోటు అంటగట్టారేమో అని. చాలాసార్లు స్టీరింగ్ బాగానే ఉంటుంది. కొన్నిసార్లు మాత్రం నిజంగానే అరిగి ఉంటుంది.

ఎందుకిలా?

గోదావరి మీద లాంచీకి చుక్కాని ఉంటుంది. ఈ బోట్లకి ఉండదు. స్టీరింగ్ తిప్పితే తిరిగేది ప్రొపెల్లర్, దాన్ని మోసే కాలు. ప్రొపెల్లర్ నీటిని నెట్టే బలమే బోటుని తిప్పుతుంది. ఐడిల్‌లో ఆ బలం తక్కువ, న్యూట్రల్‌లో దాదాపు సున్నా.

రెండో సంగతి బోటు అడుగు. ఇప్పటి స్పీడ్‌బోట్లలో చాలావాటి అడుగు లోతైన వీ ఆకారం. రే హంట్ డిజైన్ చేసిన మాపీ అనే బోటు 1960లో మయామీ-నసావు సముద్రపు రేసు గెలిచాక ఈ ఆకారానికి పేరొచ్చింది. అలల్ని కోసుకుంటూ వేగంగా పోవడానికి పుట్టిన ఆకారం ఇది. వేగంలో ముక్కు పైకి లేచి, వెనక భాగమే నీటిని పట్టుకుంటుంది కాబట్టి తిన్నగా పోతుంది. నెమ్మదిస్తే ముక్కు నీళ్లలోకి దిగుతుంది. అప్పుడది కొంచెం పక్కకి తిరిగినా నీటి ఒత్తిడి దాన్ని ఇంకా అటే తోస్తుంది. వెనక నుంచి తోపుడు బండిని తోస్తున్నప్పుడు ముందు చక్రం పక్కకి లాగినట్టే.

ముందు ఈ పరీక్ష చేయండి

బోటు ట్రైలర్ మీద ఉండగా, ఇంజన్ ఆపి, ఒకరు స్టీరింగ్ కదలకుండా పట్టుకోవాలి. ఇంకొకరు వెనక డ్రైవ్‌నో, అవుట్‌బోర్డ్ కింది భాగాన్నో పట్టుకుని పక్కలకి ఊపాలి. చక్రం కదలకుండానే అది టకటకా ఊగితే లూజు ఉన్నట్టు. లింక్ రాడ్ బోల్టులు, అవుట్‌బోర్డ్ తిరిగే చోట బుష్‌లు, స్టెర్న్‌డ్రైవ్ అయితే గింబల్ రింగ్ (డ్రైవ్‌ని పట్టుకుని పక్కలకి తిరిగే రింగు), దాని స్టీరింగ్ షాఫ్ట్ చూడాలి. ఈ లూజు ఉంచుకుని వేగంగా వెళ్లడం ప్రమాదం. బాగుచేయించే దాకా బోటు నీళ్లలోకి దింపకండి.

హైడ్రాలిక్ స్టీరింగ్‌లో (ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) చక్రం మెత్తగా, స్పంజీగా అనిపిస్తే లోపల గాలి చేరింది. ఆయిల్ నింపి, బ్లీడ్ చేస్తే (లోపలి గాలి బయటికి తీసేస్తే) సరిపోతుంది. కానీ గాలి ఎలా చేరిందో, లీకు ఎక్కడుందో కూడా చూడాలి. కేబుల్ స్టీరింగ్ బిగుసుకుపోతే అది వేరే రకం తిప్పలు: కదలదు, కదలదు, ఒక్కసారిగా కదులుతుంది. బయటి రాడ్‌కి గ్రీజు పెట్టొచ్చు గానీ కేబుల్ లోపలే బిగుసుకుంటే మార్చడమే మార్గం.

లూజు లేదు, అయినా రెండు వైపులా తిరుగుతోంది

నన్నడిగితే ఎక్కువ కేసులు ఇవే, కారణం మన చేతులు. ఐడిల్‌లో చక్రం తిప్పాక బోటు స్పందించడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. ఆ గ్యాప్‌లో పని చేయలేదనుకుని ఇంకా తిప్పుతాం. అప్పుడు మొత్తం ఒకేసారి తిరుగుతుంది. మళ్లీ అవతలి వైపు తిప్పుతాం.

డ్రైవ్ తిన్నగా ఉన్నప్పుడు చక్రం పైభాగంలో చిన్న టేపు ముక్క అంటించండి. ముక్కుని కాకుండా దూరంగా ఒడ్డున ఒక చెట్టునో, స్తంభాన్నో చూడండి. కొంచెం తిప్పి ఆగండి. ముక్కు మీరనుకున్న చోటికి వచ్చేలోపే టేపుని పైకి తెచ్చేయండి. కాస్త అటూ ఇటూ అవుతుంటే పట్టించుకోకండి, సగటున బోటు తిన్నగానే పోతుంది. మాటిమాటికీ న్యూట్రల్ వేయకండి.

ముందు సీట్లలో జనం ఎక్కితే ఎక్కువవుతోంది

ముక్కు మరీ దిగిపోయింది. ఇద్దరిని వెనక్కి రమ్మనండి, ముందు ఐస్ బాక్సుంటే అదీ జరపండి. అలాగని అందరూ వెనకే కూర్చుంటే ముక్కు లేచి గాలికి దొరుకుతుంది. ట్రిమ్ (డ్రైవ్‌నో, అవుట్‌బోర్డ్‌నో పైకీ కిందికీ వంచే సర్దుబాటు) పూర్తిగా కిందికి దించి మొదలుపెట్టి, తిరుగుడు తగ్గకపోతే కొంచెం కొంచెంగా ఎత్తి చూడండి. ఒక బోటుకి నప్పింది ఇంకోదానికి నప్పదు. గాలి ఉన్న రోజు పైన గుడ్డ పందిరి మడిచేస్తే తేడా తెలుస్తుంది.

ఎప్పుడూ ఒకే వైపు లాగుతోంది

బరువు ఒక పక్కకి ఉందేమో, గాలి ఎటు నుంచో చూడండి. రెండూ కాకపోతే ప్రొపెల్లర్ తిరిగే తీరు. వెనక నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే ప్రొపెల్లర్ బోటు వెనక భాగాన్ని కుడికి, ముక్కుని ఎడమకి లాగుతుంది. ప్రొపెల్లర్ పైన ఉండే చిన్న రెక్కని సర్దమని కొందరు చెప్తారు. అది వేగంలో స్టీరింగ్ మీద పడే లాగుడుకి పనికొస్తుంది, ఐడిల్‌లో దాని ప్రభావం చాలా తక్కువ. వోల్వో పెంటా 1982లో తెచ్చిన డ్యూయోప్రాప్‌లో రెండు ప్రొపెల్లర్లు ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి ఈ లాగుడు దాదాపు ఉండదు. అలాగని ఉన్న డ్రైవ్ తీసేసి అది పెట్టించుకోమని చెప్పను. రెండు ఇంజన్ల బోటులో ఒకటే నడుపుతుంటే రెండోదాన్ని కూడా నీళ్లలో దించి ఉంచండి, రెక్కలా ఆసరా ఇస్తుంది.

ఇవన్నీ చేసినా చేతులు నొప్పెడుతుంటే, ప్రొపెల్లర్ దగ్గర బిగించే చిన్న చుక్కాని రెక్కలు దొరుకుతాయి. నెమ్మదిగా పోయేటప్పుడు నీళ్లలో ఉంటాయి, వేగం పెరిగితే పైకి లేచే రకాలూ ఉన్నాయి. లూజు ఉన్న స్టీరింగ్‌కి మాత్రం వీటిని బిగించకండి. లోపం కప్పబడిపోతుంది, డబ్బూ దండగ.