పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అవుట్‌పుట్‌కి పెట్టాక బేస్ రావట్లేదా?

ఒక్క ఈఎల్84 వాల్వుతో కట్టే సింగిల్ ఎండెడ్ (ఒకే వాల్వు పని చేసే) ఆంప్లిఫయర్ సంగతి ఇది. స్పీకరుని నడిపే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ బదులు మామూలు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాక బేస్, అంటే మంద్రస్వరాలు, రాకపోతే ఏం చేయాలో చూద్దాం. 230 వోల్టుల వైండింగు (తీగ చుట్ట) వాల్వు ప్లేటుకి, 9 వోల్టులది 8 ఓమ్‌ల స్పీకరుకి. హెచ్‌టి (వాల్వుకిచ్చే హై వోల్టేజి డీసీ) 250 వోల్టులుంటే ఈ వాల్వుకి 5.2 కిలో ఓమ్‌ల లోడు కావాలి. ట్రాన్స్‌ఫార్మర్ 9 వోల్టులు, 5 ఆంపియర్లకి తగ్గకుండా చూసుకోండి.

మొత్తం శబ్దమే తక్కువ, కాస్త పెంచితే కరకర

రెండు వైండింగుల నిష్పత్తి తప్పు. అందరూ ఎగ్గొట్టేది ఈ పరీక్షే. లేబుల్ మీది 9 వోల్టులు ఫుల్ లోడు మీద లెక్క. లోడు తీస్తే 10 ఉండొచ్చు, చిన్న ట్రాన్స్‌ఫార్మరైతే 12 కూడా. 230ని 9తో భాగించి, వర్గం చేసి, 8తో గుణిస్తే 5.2 కిలో ఓమ్‌లు. 10 అయితే 4.2, అది ఫరవాలేదు. 12 అయితే 2.9కి దిగిపోతుంది, అది పనికిరాదు. సర్క్యూట్‌లో పెట్టకముందే 230 వైపు మెయిన్స్‌కి తగిలించి, స్పీకరు కట్టకుండా రెండు వైపులా వోల్టేజి వెంటవెంటనే కొలవండి. భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద ఏరియేటర్లు తిరిగే వేళ లైను 230 ఉంటుందని నమ్మకండి.

పైస్వరాలు బాగున్నాయి, డోలు దెబ్బ మాత్రం రేకు డబ్బా మీద కొట్టినట్టుంది

ఇక్కడే వాల్వు మారుస్తారు, స్పీకరు మారుస్తారు, కెపాసిటర్లన్నీ మారుస్తారు. దోషం ఇనుములో ఉంటుంది.

మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌లో స్టాంపింగులు (కోరుకి పేర్చే పల్చటి ఇనప రేకులు) ఒకటి ఇటు, ఒకటి అటు ఎదురెదురుగా అల్లి ఉంటాయి, మధ్య సందు ఉండదు. దానిలో పారేది ఏసీ గనక సరిపోతుంది. మన సర్క్యూట్‌లో మాత్రం 48 మిల్లీ ఆంపియర్ల డీసీ ఎప్పుడూ ఒకే దిక్కున పారుతుంది. కోరు, అంటే ఆ ఇనప దిమ్మ, దాని అయస్కాంతత్వంతోనే నిండిపోతుంది, ఇండక్టెన్సు పడిపోతుంది, బేస్ పోతుంది.

తేల్చుకోవడం ఇలా. ముందు వాల్వు కేథోడు దగ్గరి 130 ఓమ్‌ల రెసిస్టరు మీద వోల్టేజి చూడండి: 7 దగ్గర ఉండాలి. 10 దాటితే కప్లింగ్ కెపాసిటరు (ముందు స్టేజి నుంచి వాల్వు గ్రిడ్‌కి పాట తెచ్చేది) లీకు, అది మార్చాకే ముందుకెళ్ళండి. తర్వాత ఫోన్‌లోని టోన్ యాప్‌తో 400 హెర్ట్జ్, అదే వాల్యూమ్‌లో 60 హెర్ట్జ్ వినండి. 60 దగ్గర బుర్రుమంటే వాల్యూమ్ బాగా తగ్గించండి. తగ్గించగానే శుభ్రమైతే అది ఓవర్‌లోడు. తగ్గించినా 60 పీలగానే ఉంటే దోషం కోరుదే. అదే స్పీకరు వేరే ఆంప్లిఫయరు మీద 60 పలుకుతోందో లేదో మాత్రం చూసుకోండి.

కోరేనని తేలితే ట్రాన్స్‌ఫార్మర్ క్లాంపు విప్పండి. వార్నిష్ పట్టేసి ఉంటే వేడిగాలి తగిలించి, పల్చటి చాకుతో మొదటి రెండు మూడు స్టాంపింగులు ఓపిగ్గా లాగితే మిగతావి వదులౌతాయి. వంగినది మళ్ళీ వాడొద్దు. ఇంగ్లీషు E ఆకారపు రేకులన్నీ ఒకే వైపు నుంచి దూర్చి, I ఆకారపువన్నీ కట్టగా ఎదురు పెట్టండి. మధ్యలో మోటారు వైండింగు షాపులో దొరికే 0.1 మి.మీ. పాలిస్టర్ షీటు, మూడు కాళ్ళ మీదా పడేలా. ఫ్లక్సు (కోరులో తిరిగే అయస్కాంత ప్రవాహం) ఆ సందుని రెండుసార్లు దాటుతుంది గనక లెక్కకి 0.2 మి.మీ. కాగితం పెడితే ఇక్కడి తేమకి ఉబ్బుతుంది. మళ్ళీ 60 హెర్ట్జ్ వినండి. ఇంకా బుర్రుమంటే మరో షీటు. బేస్ మళ్ళీ పల్చబడిందంటే సందు ఎక్కువైనట్టు, ఒకటి తీసేయండి. కుదిరాక బిగించి వార్నిష్ పోయండి, లేకపోతే ట్రాన్స్‌ఫార్మరే పాడుతుంది. సందు పెట్టినదాన్ని మళ్ళీ మెయిన్స్‌కి తగిలించకండి, కరెంటు ఎక్కువ లాగి వేడెక్కుతుంది.

టొరాయిడ్‌కి (గుండ్రటి గాజులాంటి కోరున్న ట్రాన్స్‌ఫార్మర్‌కి) ఈ వైద్యం లేదు. దాన్ని పుష్‌పుల్‌కి, అంటే రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే సర్క్యూట్‌కి, దాచుకోండి.

మిగతావి

పైస్వరాలు మూసుకుపోతే బాబిన్ (తీగ చుట్టే డబ్బా) చూడండి. రెండు వైండింగులూ పక్కపక్క గదుల్లో ఉన్న రకం వద్దు, ఒకదానిపై ఒకటి చుట్టినది తెచ్చుకోండి. ఫీడ్‌బ్యాక్ (స్పీకరు వైపు నుంచి ముందు స్టేజికి వెనక్కి తెచ్చే తీగ) కలపగానే కూత వేస్తే సెకండరీ, అంటే స్పీకరు వైపు, వైర్లు అటూ ఇటూ మార్చండి.

వానాకాలంలో పాట లేకుండానే చిటపటలాడితే ప్రైమరీకీ (230 వైపు చుట్టకీ) కోరుకీ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించండి. రీడింగు తక్కువొస్తే పెట్టెలో 100 వాట్ల బల్బు వెలిగించి ఒక రోజు ఆరబెట్టి, వార్నిష్ పోసి, మళ్ళీ కొలవండి.