హార్డ్‌డిస్క్ నత్తనడక: పాత మదర్‌బోర్డు పీఐఓ మోడ్‌లోకి జారిపోతే

చెన్నై జార్జ్‌టౌన్‌లో మా మావయ్యకి హోల్‌సేల్ కొట్టుంది. అక్కడి కంప్యూటర్ పెంటియం 4, విండోస్ ఎక్స్‌పీ, 80 జీబీ ఐడీఈ డిస్కు (వెడల్పు పట్టీ కేబుల్‌తో బోర్డుకి తగిలించే పాత రకం). మార్చమంటే మార్చడు. ఆయన లెక్కల సాఫ్ట్‌వేర్ నడవాలంటే ప్రింటర్ పోర్టుకి డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌కి తాళంచెవిలాంటి చిన్న ముక్క) తగిలించాలి, ఇప్పటి బోర్డుల్లో ఆ పోర్టు కనబడడమే అరుదు. మొన్న ఫోన్ చేశాడు: "ఒరేయ్, బిల్లు కొట్టి కాఫీ తాగొచ్చినా ప్రింటు రావట్లేదురా!"

సమస్య

ఫైలు కాపీ పెడితే మౌస్ బాణం గెంతుతుంది. పాట పెడితే నత్తినత్తిగా వస్తుంది. 700 ఎంబీ ఫైలుకి ఆరేడు నిమిషాలు. టాస్క్ మేనేజర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి 'షో కెర్నల్ టైమ్స్' పెట్టి చూడండి. కాపీ జరుగుతున్నంతసేపూ పచ్చగీతను అంటుకుని ఎర్రగీత కూడా పైకి పాకితే, అనుమానం డిస్కు మోడ్ మీదికే, అంటే అది డేటా చేరవేసే పద్ధతి మీదికే పోవాలి.

అంతకుముందు వచ్చిన మెకానిక్ వైరస్ అని తేల్చి ఫార్మాట్ కొట్టి వెళ్ళాడట. పది రోజులు బాగానే నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. ఈ పది రోజుల ముక్క గుర్తుంచుకోండి, అసలు ఆధారం అదే.

కారణం

ఆ పద్ధతులు రెండు: డీఎంఏ, పీఐఓ. డీఎంఏలో డిస్కు కంట్రోలరే డేటాను మెమరీలోకి చేరవేస్తుంది. పీఐఓలో ఆ మోత ప్రాసెసర్ మీద పడుతుంది. గోడ కట్టాల్సిన మేస్త్రీ చేతే ఇటుకలు మోయించినట్టు. కాగితం మీద పీఐఓ మోడ్ 4 గరిష్ఠ వేగం సెకనుకి 16.7 ఎంబీ, డీఎంఏలో వేగవంతమైన రకం అల్ట్రా డీఎంఏ మోడ్ 5ది 100. ఎక్స్‌పీలో పీఐఓకి పడిపోయిన డిస్కు ఆ 16 కూడా ఇవ్వదు.

ఎందుకు పడిపోతుంది? కేబుల్‌లో డేటా చెడితే సీఆర్‌సీ తప్పు (డేటా సరిచూపులో తేడా) నమోదవుతుంది. అలాంటివి, టైమవుట్‌లు (డిస్కు వేళకి బదులివ్వకపోవడం) కలిపి ఆరు దాటితే ఎక్స్‌పీ ఒక మెట్టు దించుతుంది. మళ్ళీ తప్పులొస్తే ఇంకో మెట్టు. చివరికి పీఐఓ. తనంతట తాను పైకి ఎక్కదు. ఫార్మాట్ చేస్తే ఆ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టే పది రోజుల సుఖం. తప్పులు పుట్టించే చోటు మాత్రం అక్కడే ఉంది.

ఖాయం చేసుకోవడం

డివైస్ మేనేజర్‌లో 'ఐడీఈ ఏటీఏ/ఏటీఏపీఐ కంట్రోలర్స్' కింద ప్రైమరీ ఐడీఈ ఛానెల్ ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ చూడండి. పైన 'డీఎంఏ ఇఫ్ అవైలబుల్' అని ఉండి, కింద కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్‌లో 'పీఐఓ మోడ్' అని ఉంటే దొంగ దొరికినట్టే.

పరిష్కారం

ముందు కేబుల్. చాలామంది సాఫ్ట్‌వేర్ నుంచి మొదలెడతారు, నా లెక్కలో అది తలకిందుల పని. పవర్ తీసి డబ్బా విప్పితే మావయ్య మెషీన్‌లో 40 వైర్ల పాత కేబుల్ కనబడింది, అదీ మడతపెట్టి రబ్బరు బ్యాండ్ వేసి. ఉండాల్సింది 80 వైర్లది. రెండు రకాలకీ కనెక్టర్ 40 పిన్నులకే సరిపడా ఉంటుంది కాబట్టి పిన్నుల లెక్కతో పోల్చలేం. వేలితో తడమండి: 40 వైర్లది మామూలు దువ్వెనలా గరుగ్గా, 80 వైర్లది పేల దువ్వెనలా సన్నగా తగులుతుంది. అదనపు 40 వైర్లూ గ్రౌండే. పక్కపక్క సిగ్నళ్ళు ఒకదాన్నొకటి చెడగొట్టకుండా అడ్డుగోడలు. సెకనుకి 33 ఎంబీ దాటాలంటే అవి ఉండి తీరాలి. కొన్ని బోర్డులు బూట్ అవుతూనే 80 కండక్టర్ కేబుల్ లేదని ఒక లైను చూపిస్తాయి. దాన్ని చదివేవాళ్ళేరీ?

మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో తిరిగితే 80 వైర్ల కేబుల్ దొరికింది. నీలం కొన బోర్డుకి, నలుపు మాస్టర్‌కి (మొదటి డిస్కుకి), మధ్యలోని బూడిదరంగు స్లేవ్‌కి (రెండోదానికి). ఒక్క డిస్కే ఉంటే నలుపుకే పెట్టండి, చివర ఖాళీగా వేలాడనివ్వకండి. పొడవు 18 అంగుళాలు మించకూడదు. సీడీ డ్రైవ్‌ని సెకండరీ ఛానెల్‌కి మార్చేస్తే ఇంకా మేలు.

ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్. డివైస్ మేనేజర్‌లో ఆ ఛానెల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని మళ్ళీ కనుక్కుంటుంది, ఇంకోసారి రీస్టార్ట్ అడిగినా ఒప్పుకోండి. ఇప్పుడు 'అల్ట్రా డీఎంఏ మోడ్ 5' అని రావాలి. రాకపోతే బయోస్‌లో (మెషీన్ ఆన్ చేయగానే తెరవగలిగే బోర్డు సెట్టింగుల్లో) ఆ ఛానెల్ యూడీఎంఏ, అంటే అల్ట్రా డీఎంఏ, 'ఆటో'లో ఉందో లేదో, చిప్‌సెట్ డ్రైవర్ పడిందో లేదో చూడండి. ఇంకా పాత, ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ కాలపు బోర్డయితే సెకనుకి 33 ఎంబీ దగ్గరే ఆగుతుంది, అది జబ్బు కాదు.

సాటా డిస్కులకి

సాటా అంటే ఐడీఈ తర్వాత వచ్చిన, సన్న కేబుల్ డిస్కులు. వీఐఏ వీటీ8237 చిప్ ఉన్న బోర్డు 3 గిగాబిట్ డిస్కుని గుర్తించకపోతే, డిస్కు వెనక జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) పెట్టి 1.5 గిగాబిట్‌కి దించాలి. ఏ పిన్నులన్నది డిస్కు లేబుల్ మీదే ఉంటుంది. బయోస్‌లో డిస్కు మోడ్‌ని ఐడీఈ నుంచి ఏహెచ్‌సీఐకి (సాటా డిస్కుల సొంత మోడ్) మార్చగానే నీలం తెర మీద 7బి అనే తప్పు కోడ్ పడితే, వెనక్కి ఐడీఈకే మార్చండి. డ్రైవర్ ఎక్కించకుండా మార్చకూడదు.

కొత్త కేబుల్ వేసినా మళ్ళీ జారితే

స్మార్ట్ వివరాలు (డిస్కు తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) చూపే ఏదైనా ప్రోగ్రామ్‌లో 199వ వరుస, అంటే సీఆర్‌సీ తప్పుల లెక్క, చూడండి. అది తగ్గే అంకె కాదు, పెరుగుతోందా అన్నదే ముఖ్యం. పెరిగితే కనెక్టర్‌నో బోర్డునో అనుమానించండి. అది కదలకుండా 5వ వరుసలో రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి, బదులు చోటుకి మార్చిన భాగాలు) పెరుగుతుంటే డిస్కే పోతోంది, ఆ రోజే బ్యాకప్ తీయండి. మావయ్య మెషీన్ 199 అంకెను చీటీ మీద రాసి డబ్బాకి అంటించి వచ్చాను. రెండు వారాలకి ఫోన్‌లో చదివించుకుంటే అదే అంకె.