ఫోర్ట్రాన్‌లో మొదటి ప్రోగ్రామ్ రాయడం ఎలా?

ఐబీఎం 704 కంప్యూటర్ కోసం జాన్ బ్యాకస్ బృందం తయారుచేసిన ఫోర్ట్రాన్ 1957లో బయటికొచ్చింది. లెక్కల కోసమే పుట్టిన భాష కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం: ఫారన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చడం.

ముందుగా జీఫోర్ట్రాన్ అనే ఉచిత కంపైలర్‌ను (రాసిన ఆదేశాలను కంప్యూటర్ నడపగల రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ను) ఇన్‌స్టాల్ చేసుకోండి. రాయడానికి మామూలు టెక్స్ట్ ఎడిటర్ చాలు. ఫైలు పేరు చివర 'డాట్ ఎఫ్90' ఉండాలి. ఒట్టి 'డాట్ ఎఫ్' పెడితే కంపైలర్ దాన్ని పంచ్‌కార్డుల కాలపు పద్ధతిగా చదువుతుంది. అందులో ఆదేశం లైనులో 7 నుంచి 72వ అక్షర గడి లోపే ఉండాలి. ఎడమ అంచు నుంచి రాశారా, వరసగా ఎర్రర్లే.

ఇక్కడ తెలుగులో ఇచ్చిన ఆదేశాలను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. వాటిలో పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అక్షరాల తేడా లేదు.

మొదటి లైను 'ప్రోగ్రామ్ వేడి', చివరిది 'ఎండ్ ప్రోగ్రామ్ వేడి'. రెండో లైనులో 'ఇంప్లిసిట్ నన్' తప్పక రాయండి. అది లేకపోతే, ప్రకటించని పేరు ఐ నుంచి ఎన్ లోపు అక్షరంతో మొదలైతే పూర్ణాంకం, కాకపోతే దశాంశం అని ఫోర్ట్రాన్ తనే అనుకుంటుంది. అప్పుడు ఒక్క అక్షరం తప్పు పడినా అది కొత్త వేరియబుల్ (విలువను దాచుకునే పేరు) అయిపోతుంది, లెక్కలోకి చెత్త విలువ వస్తుంది.

తర్వాత 'రియల్ :: ఎఫ్, సి' అని ప్రకటించండి. ప్రకటనలన్నీ మిగతా ఆదేశాలకు ముందే రావాలి. 'రీడ్ *, ఎఫ్' విలువను తీసుకుంటుంది, 'ప్రింట్ *, సి' చూపిస్తుంది. ఈ రెంటి మధ్య సూత్రం:

సి = (ఎఫ్ - 32.0) * 5.0 / 9.0

దీన్నే '(5/9) * (ఎఫ్ - 32)' అని రాస్తే ఏ ఉష్ణోగ్రతకైనా జవాబు సున్నాయే. రెండు పూర్ణాంకాలను భాగిస్తే ఫోర్ట్రాన్ దశాంశ భాగాన్ని కొట్టేస్తుంది, 5/9 కాస్తా 0 అవుతుంది. కొత్తవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా తిప్పలుపెట్టేది ఇదే. 212 ఇచ్చి చూడండి, 100 రావాలి.

జీఫోర్ట్రాన్‌తో కంపైల్ చేసేటప్పుడు ఫైలు పేరుకు ముందు '-డబ్ల్యూఆల్' చేర్చండి (ఇందులో మాత్రం డబ్ల్యూ పెద్దబడిలో, మిగతావి చిన్నబడిలో ఉండాలి). పై 5/9 లాంటి వాటిని అది ముందే హెచ్చరిస్తుంది. అర్రేల (ఒకే పేరు కింద వరస గడుల్లో ఉండే విలువల) దగ్గరికి వచ్చాక '-ఎఫ్‌చెక్=ఆల్' కూడా కావాలి. ఫోర్ట్రాన్ అర్రే మామూలుగా 1 నుంచి మొదలవుతుంది. పది గడుల అర్రేలో లూప్ పదకొండోదాన్ని అడిగినా, ఈ ఆప్షన్ లేకపోతే ప్రోగ్రామ్ చాలాసార్లు గప్‌చుప్‌గా పక్క మెమరీని చదివి ముందుకు పోతుంది. ఉంటే అక్కడే ఆగి లైను నంబరు చెబుతుంది.