బొమ్మ గొంతులో రక్తం నిలవాలంటే: నా అనుభవం

టాన్సిల్ ఆపరేషన్ అయ్యాక మళ్లీ రక్తం కారుతున్న గొంతులో ఊపిరి ట్యూబు వేయడం (ఇంట్యుబేషన్) మా పీజీలకు నేర్పాలి. స్కిల్స్ ల్యాబులో ఉన్నది మామూలు ఇంట్యుబేషన్ బొమ్మ. నోట్లో రంగునీళ్లు పోస్తే నేరుగా ఊపిరితిత్తుల సంచుల్లోకి దిగేవి. సంచులు బరువెక్కి జాయింటు ఊడి, బల్లంతా ఎరుపే.

ముందు సంచులు పీకేశాను. ఒక వైపు గొట్టానికి రబ్బరు బిరడా బిగించి, రెండో వైపు పైపు తగిలించి బకెట్లోకి వదిలాను. ఊపిరితిత్తుల్లోకి ఎంత పోయిందో బకెట్టే చెబుతుంది, ఇక వాదనలుండవు.

మిల్వాకీ మత్తు డాక్టరు జేమ్స్ డుకాంటో ‘సలాడ్’ (సక్షన్‌తో గొంతు శుభ్రం చేస్తూ ట్యూబు వేసే పద్ధతి) బొమ్మలో ద్రవం అన్నవాహిక నుంచి పైకి తన్నుతుంది. వాంతి పాఠానికి అది భేష్. టాన్సిల్ రక్తం మాత్రం పక్కనుంచి రావాలి. అందుకే ముక్కులోంచి రైల్స్ ట్యూబు (ముక్కు ద్వారా పొట్టలోకి వేసే సన్న గొట్టం) దింపి, కొస టాన్సిల్ దగ్గరికొచ్చేలా కత్తిరించాను. 50 మి.లీ. సిరంజితో ఒకరు నెడతారు. వేగం వాళ్ల దయ!

ఒట్టి నీళ్లు సక్షన్‌కి (ద్రవాన్ని పీల్చేసే గొట్టానికి) ఇట్టే లొంగిపోతాయి. లీటరుకి 2, 3 గ్రాముల జాంథన్ గమ్ (ద్రవాల్ని చిక్కబరిచే పొడి) కలిపితే చిక్కదనం కుదిరింది. పొడి గుమ్మరిస్తే ఉండకట్టి రైల్స్ ట్యూబు మూసుకుపోతుంది. మిక్సీ తిరుగుతుండగా చిటికెడు చిటికెడు చల్లాలి.

ఇప్పుడు మా పీజీలు సక్షన్ ముందు పెడతారు, లారింగోస్కోపు (గొంతు లోపల చూసే పరికరం) దాని వెనకే. తర్వాత సక్షన్‌ని నోటి ఎడమ మూలకి జరిపి, కొస అన్నవాహిక మొదట్లో వదిలేసి ట్యూబు వేస్తున్నారు. క్లాసు అవగానే బొమ్మని కడగాలి. ఫుడ్ కలర్ నాలుకకి పట్టిందంటే వదలదు, మా బొమ్మది ఇప్పటికే గులాబీ రంగు.