దీవి రిసార్టులో బస, నాలుగో పాఠం: మధ్యాహ్నం ఒడ్డు విడిచే సముద్రం

మూడో పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక, ఈసారి చెప్పదలచిన ఫెర్రీల సంగతిని వాయిదా వేయక తప్పలేదు. కార్తిక పౌర్ణమి కలిసివచ్చేలా అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి తూర్పు ఒడ్డున ఒక రిసార్టులో మూడు రాత్రుల బస కుదుర్చుకుని, ఏ గంటకు ఏం చేస్తారో రాయమన్నాను. దాదాపు అందరూ ఒకే దినచర్య రాశారు. తీరిగ్గా లేచి ఫలహారం చేయడం, పదింటికి దీవి చూడటానికి బయలుదేరడం, ఒంటిగంటకు తిరిగివచ్చి భోజనం చేసి కాసేపు నిద్రపోవడం, నాలుగింటికి గది ముందున్న సముద్రంలో స్నానం, ఆరింటికి అదే ఒడ్డున సూర్యాస్తమయం. వీటిలో చివరి రెండూ జరిగేవి కావు. ఆ రోజుల్లో నాలుగింటికి అక్కడ గది ముందు నీళ్లుండవు, ఆరింటికి ఆకాశంలో సూర్యుడుండడు. పైగా తూర్పు ఒడ్డున కూర్చున్నవారికి సూర్యుడు అస్తమించేది వీపు వెనక.

భోజనాల పట్టిక దగ్గర తడబడినవారికి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. రిసార్టులు గదితో కలిపి ఇచ్చే భోజన పథకాల్లో ఎంఏపీ అంటే ఉదయం ఫలహారంతో పాటు మధ్యాహ్నమో రాత్రో ఒక పూట భోజనం మాత్రమే; మూడు పూటలూ కావాలంటే ఏపీ తీసుకోవాలి, ఫలహారం ఒక్కటే చాలనుకుంటే సీపీ. ఇది గత పాఠంలోనే ఉంది. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురమని, హేవ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేర్లు మారాయి కాబట్టి, టికెట్ల మీద ఏ పేరు కనిపించినా కంగారు పడనవసరం లేదు.

ముందు సూర్యుడి సంగతి చూద్దాం, ఇది తేలిక. మన దేశానికంతటికీ గడియారం ఒక్కటే. దానికి ఆధారమైన రేఖాంశం 82.5 డిగ్రీల తూర్పు. విశాఖపట్నం 83 దాటి కాస్త తూర్పున ఉంది కాబట్టి మన గడియారమూ మన సూర్యుడూ ఇంచుమించు కలిసే నడుస్తాయి. హేవ్‌లాక్ 93 డిగ్రీల దగ్గర ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు 40 నిమిషాలు ముందు నడుస్తాడు. నవంబరు నడిమి రోజుల్లో విశాఖలో సూర్యోదయం ఆరింటికి, అస్తమయం 5.20 ప్రాంతంలో, హేవ్‌లాక్‌లో అవి సుమారు 5.15కు, 4.50కి. అక్కడ ఏడింటికి నిద్ర లేచేవారు అప్పటికే దాదాపు రెండు గంటల పగటిని పోగొట్టుకున్నట్టే లెక్క. రిసార్టు ఫలహారాలు ఎప్పుడు మొదలవుతాయో గది కుదుర్చుకునేటప్పుడే అడగండి. ఎనిమిదింటికి గాని వంటగది తెరవని చోట నేనైతే ఉండను.

ఇక సముద్రం. విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు, తాము నిజంగానే పోయినేడు అలాంటి గది తీసుకున్నామనీ, ప్రకటనలోని చిత్రంలో వరండా మెట్ల దాకా నీళ్లున్నాయనీ, తీరా వెళ్తే కనుచూపు మేర రాళ్లూ బురదా కనిపించాయనీ, రిసార్టువారు మోసం చేశారనీ రాశారు. చిత్రం నిజమైనదే అయివుంటుంది, వారు చూసిన రాళ్లూ నిజమే. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా ఆరు గంటలు. ప్రకటనల కోసం చిత్రాలన్నీ నిండు పోటులోనే, అంటే సముద్రం పూర్తిగా పైకెక్కిన వేళలోనే, తీస్తారన్నది ఇకముందు ఏ రిసార్టు చిత్రం చూసినా గుర్తుంచుకోవలసిన విషయం.

మనకు ఇది కొత్తగా తోచడానికి కారణం మన ఒడ్డే. ఆర్కే బీచిలో గాని, రుషికొండలో గాని పోటు పాటులు, అంటే సముద్రం ఎక్కడం దిగడం, లేవా అంటే రోజూ రెండుసార్లు ఉన్నాయి. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ విశాఖలో నీటిమట్టం సుమారు 1.4 మీటర్లు పెరిగి తగ్గుతుంది; అండమాన్‌లో అదే రోజుల్లో 1.8 మీటర్ల దాకా. మట్టంలోని ఈ తేడా పెద్దదేమీ కాదు, అసలు తేడా వాలులో ఉంది. మన ఒడ్డు నిటారైనది. పది మీటర్లకు ఒక మీటరు పల్లం ఉందనుకుంటే, 1.4 మీటర్లు తగ్గిన నీరు 14 మీటర్లు వెనక్కి వెళ్తుంది, అలల హడావిడిలో అది మన కంటికి ఆనదు. హేవ్‌లాక్ తూర్పు ఒడ్డున గోవింద్‌నగర్, విజయ్‌నగర్ బీచిల ముందు పగడపు రాతి మైదానం దాదాపు సమతలంగా పరచుకుని ఉంటుంది. అక్కడ వాలు నూరు మీటర్లకు ఒక మీటరే అనుకుంటే, 1.8 మీటర్లు తగ్గిన నీరు 180 మీటర్ల దూరం పోతుంది. జాలరిపేటలో పెద్దవాళ్లనెవరినైనా అడిగితే మన దగ్గర పోటెప్పుడో పాటెప్పుడో ఇట్టే చెబుతారు. నగరంలో ఉన్న మనమే ఆ లెక్క మరిచిపోయాము.

పోటు పాటుల వేళలు తెలుసుకోవడం కష్టం కాదు. భారత సర్వేక్షణ సంస్థ ఏటా పట్టికలు ప్రచురిస్తుంది, హైదరాబాదులో సముద్ర సమాచారం అందించే ఇన్‌కాయిస్ సంస్థ కూడా రేవులవారీగా ముందస్తు వేళలు ఇస్తుంది. హేవ్‌లాక్‌కు పోర్ట్ బ్లెయిర్ పట్టిక చాలు. విశాఖ పట్టిక చూసి హేవ్‌లాక్ దినచర్య వేసినవారు ఆ కాగితం పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాలి.

పట్టిక చూసినవారు కూడా పడిన గొయ్యి ఒకటుంది. దాని దగ్గర ఎంతసేపైనా నిలబడటానికి నేను సిద్ధం, ఎందుకంటే ఏ యాత్రా సలహా చదివినా ఇదే తప్పు కనిపించి నాకు చిరాకు పుడుతుంది. పట్టికలో వేళ పక్కన 2.1 మీటర్లు, 0.3 మీటర్లు అని అంకెలుంటాయి. వాటిని నీటి లోతు అనుకుంటారు. నిండు పాటు వేళ 0.3 అని చూసి, 'పరవాలేదు, అడుగు లోతైనా ఉంటుంది కదా, పిల్లలకు మంచిదే' అని రాసినవారు ఒకరు కాదు, చాలామంది. ఆ అంకె లోతు కానే కాదు. సముద్రం సాధారణంగా అంతకంటే కిందికి దిగదని తేల్చుకున్న ఒక మట్టాన్ని సున్నాగా పెట్టుకుని, నీటి ఉపరితలం ఆ సున్నాకు ఎంత పైన ఉందో పట్టిక చెబుతుంది. మీ గది ముందు నేల ఆ సున్నా దగ్గరే ఉండాలన్న నియమం లేదు. అది ఎగువన ఉంటే ఆ ఎత్తును తీసివేయాలి, దిగువన ఉంటే ఆ లోతును కలపాలి.

గది ముందున్న రాతి మైదానం సున్నాకు 0.7 మీటర్లు ఎగువన ఉందనుకుందాం. పట్టికలో 2.1 ఉన్నప్పుడు అక్కడ లోతు 1.4 మీటర్లు, హాయిగా ఈదవచ్చు. 1.2 ఉన్నప్పుడు 0.5, అంటే మోకాలి లోతు. 0.75 ఉన్నప్పుడు అయిదు సెంటీమీటర్లు. పాదాలు తడుస్తాయి, రాయి గీసుకుంటుంది. 0.3 ఉన్నప్పుడు నేల నీటికి 40 సెంటీమీటర్ల పైన ఉంటుంది. అడుగు లోతు ఉంటుందన్న చోట ఎండ్రకాయలు తిరుగుతుంటాయి. అదే వేళకు దీవి పడమటి ఒడ్డున రాధానగర్ బీచిలో నేల ఇసుక కాబట్టి, నాలుగడుగులు ఎక్కువ నడిస్తే నీళ్లు దొరుకుతాయి. పట్టిక ఒకటే, 0.3 ఒకటే, నేల వేరు. కనుక రిసార్టుకు ఫోను చేసినప్పుడు 'సముద్రం కనిపిస్తుందా' అని అడగడం వృథా, కనిపిస్తుందనే చెబుతారు. నిండు పాటులో నీటి అంచు మీ మెట్ల నుంచి ఎంత దూరంలో ఉంటుంది, అడుగున ఇసుకా రాయా, రోజులో ఎన్ని గంటలు నడుము లోతు నీళ్లుంటాయి అని అడగండి. జవాబు తడుముకుంటే ఆ ఒడ్డు రాతి ఒడ్డేనని నేను తీర్మానించుకుంటాను.

పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటలకు పైచిలుకు పడుతుంది, అయితే నీరు గంటకింత అని సమంగా దిగదు. దిగవలసిన మట్టాన్ని పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒకటి, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి చొప్పున దిగుతుందని నావికులు వాడే ఉజ్జాయింపు లెక్క. 9.45కు 2.1, 3.45కు 0.3 అనుకుంటే, 10.45కు 1.95, 11.45కు 1.65, 12.45కు 1.2, 1.45కు 0.75. పదకొండుంబావుకు నడుము లోతు చూసి, భోజనం చేసి రెండింటికి వచ్చినవారికి నేల కనిపించడం ఇందువల్లే. పై రాతి మైదానం మీద ఆ రోజు మంచి నీళ్లుండేది పావుతక్కువ ఎనిమిది నుంచి పావుతక్కువ పన్నెండు దాకా.

ఈ 9.45 ఎక్కడిదని అడుగుతారు కనుక నా దగ్గరి దారి చెబుతాను. గోడ మీది తెలుగు క్యాలెండరు చాలు. పోర్ట్ బ్లెయిర్ ప్రాంతంలో పౌర్ణమికీ అమావాస్యకూ నిండు పోటు ఉదయం తొమ్మిదిన్నర, పది మధ్య వస్తుంది, నిండు పాటు మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య. ఆపైన తిథికి సుమారు 50 నిమిషాలు కలుపుతూ పోవాలి, వెనక్కి వెళ్తే తీసివేయాలి; పౌర్ణమి, అమావాస్యల చుట్టూ ఈ జరుగుదల కాస్త తక్కువ. అలా శుక్ల ద్వాదశినాడు నిండు పోటు ఏడున్నర ప్రాంతంలోనే వచ్చిపోతుంది, బహుళ తదియనాటికి పన్నెండు దగ్గరికి జరుగుతుంది. అష్టమినాడు పాటు ఉదయం, పోటు మధ్యాహ్నం; కానీ ఆ రోజుల్లో మట్టం తేడా 0.6 మీటర్లే కాబట్టి నీరు పూర్తిగా పోదు, పూర్తిగా నిండదు. ఇది బస రోజులు ఎంచుకోవడానికి పనికివచ్చే లెక్క. నీళ్లలోకి దిగే రోజున మాత్రం పట్టికే చూడాలి.

నన్నడిగితే పౌర్ణమి కంటే బహుళ తదియ నుంచి పంచమి దాకా ఉన్న మూడు రోజులు మేలు. ఫలహారం ముగించి తీరిగ్గా వచ్చేసరికి నీరు నిండుతూ ఉంటుంది, భోజనం కాస్త ఆలస్యం చేస్తే మధ్యాహ్నం దాకా గది ముందే ఈదవచ్చు. వెన్నెల కోసమే వెళ్లేవారు పౌర్ణమినే ఉంచుకోవచ్చు. రాత్రి తొమ్మిదిన్నర, పది మధ్య మళ్లీ నిండు పోటు వస్తుంది, వరండాలో కూర్చుని చూడటానికి దానికి సాటి లేదు. చీకట్లో నీళ్లలోకి దిగడం మాత్రం పనికిరాదు. పౌర్ణమి రోజుల్లో దినచర్యను తిరగేయాలి. గది ముందు స్నానం ఉదయం, మధ్యాహ్నం రెండింటికల్లా ఆటోలోనో అద్దె స్కూటరు మీదో పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని రాధానగర్‌కు వెళ్లడం, సూర్యాస్తమయం అక్కడ. మన రుషికొండతో పాటు 2020లో, శుభ్రమైన, సురక్షితమైన బీచిలకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచి అది. మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న వైపు ఎంత ఖాళీగా కనిపించినా దిగవద్దు.

ఈ లెక్కంతా చివరికి గది ధర దగ్గరికి వస్తుంది. రాతి ఒడ్డున మొదటి వరుస గదికి అధికంగా ఇచ్చే సొమ్ము రోజుకు నాలుగు గంటల సముద్రానికి. ఆ నాలుగు గంటలూ మీరు నీళ్లలోనే ఉంటారు, గదిలో ఉండరు. కాబట్టి తోట వైపు కాటేజీ తీసుకుని మిగిలిన సొమ్ముతో ఒక పూట డైవింగో, అదనంగా ఒక రాత్రి బసో పెట్టుకోవడం నా పద్ధతి. నడవలేని పెద్దలు వెంట ఉంటే సముద్రాన్ని చూస్తూ కూర్చునేది వారే కనుక మొదటి వరుసే తీసుకోండి. నీటి చెప్పులు తప్పక తీసుకెళ్లండి. అవి వేసుకున్నా పగడాల మీద మాత్రం నడవరాదు. ఒడ్డున పడివున్న పగడపు ముక్కలను తీసుకువచ్చినా నేరమే, విమానాశ్రయంలో పట్టుకుంటారు.

అభ్యాసం కొంచెం శ్రమతో కూడినది. వచ్చే శుక్ల అష్టమి నుంచి పౌర్ణమి దాకా రోజూ ఉదయం ఆరున్నరకు విశాఖ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు వెళ్లి, రాళ్ల మీదికి దిగకుండా గట్టు మీది నుంచే ఏదైనా ఒక బండను గుర్తుపెట్టుకుని, నీరు దానిలో ఎంతవరకు ఉందో రాసుకోండి. ఇంటికి వచ్చాకే ఇన్‌కాయిస్ వారి విశాఖ పట్టిక తెరిచి, పన్నెండు భాగాల లెక్కతో ఆ వేళకు మట్టం ఎంతో కట్టి, మీరు రాసుకున్నదానితో పోల్చండి. ఒక్క రోజు మానినా వరుస తెగుతుంది కాబట్టి మళ్లీ మొదటి నుంచి చేయాలి. రెండో భాగం కాగితం మీద చేసేది: నిండు పాటు ఉదయం 7.20కి 0.5, నిండు పోటు మధ్యాహ్నం 1.30కి 1.9, గది ముందు నేల సున్నాకు 0.8 ఎగువన, మోకాలి లోతు నీళ్లు ఎన్నింటికి వస్తాయో తేల్చి, దానికి తగ్గట్టు ఫలహారం, భోజనం, రాధానగర్ ప్రయాణం వేళలు వేసి పంపండి. ఫెర్రీలు వచ్చే పాఠంలో.