పాత ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చడం దండగా, లాభమా?

ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తున్నప్పుడు విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి ఏది 100 శాతానికి చేరుతోందో చూడండి. డిస్క్ అయితే ప్రాసెసర్ జోలికి పోవద్దు, హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయండి. మెమరీ నిండిపోతుంటే ర్యామ్ పెంచండి. పాత యంత్రాల్లో జబ్బు చాలాసార్లు ఈ రెండింట్లోనే ఉంటుంది.

సీపీయూ (ప్రాసెసర్) ఒక్కటే నిండుతుంటే, దాని వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో ప్యాకేజ్ వరుస చదవండి. బీజీఏ అని ఉంటే చిప్‌ని బోర్డుకే టంకం వేశారు, ఆ ఆలోచన మానుకోండి. ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లు 5వ తరం నుంచి ఇలాగే వస్తున్నాయి. 3, 4 తరాల్లోనూ పేరు చివర 'యూ' ఉన్నవి ఊడిరావు.

పీజీఏ అని ఉంటే చిప్ పిన్నులతో సాకెట్ అనే గూట్లో కూర్చుంటుంది, మార్చవచ్చు. 2, 3 తరాలది జీ2 సాకెట్, 4వ తరానిది జీ3. ఒకదాని చిప్ మరొకదానిలో పట్టదు. సాకెట్ కుదిరినా బయాస్ (బోర్డులో ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే సాఫ్ట్‌వేర్) కొత్త చిప్‌ని గుర్తించాలి. 2వ తరం బోర్డులో 3వ తరం చిప్ పెట్టాలంటే, అందుకు తగిన బయాస్‌ని పాత చిప్ ఉండగానే ఎక్కించాలి. లేకపోతే తెర నల్లగానే ఉండిపోతుంది.

వేడి సంగతి అసలు మరవకండి. 35 వాట్ల కూలర్ కింద 45 వాట్ల చిప్ పెడితే, వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు పెట్టిన డబ్బంతా వృథా.

బిగించేటప్పుడు ఛార్జర్, బ్యాటరీ తీసేయండి. సాకెట్ మరను తిప్పితే చిప్ తేలిగ్గా పైకి వస్తుంది. త్రికోణం గుర్తులు కలిపి కొత్తది ఉంచండి, నొక్కితే పిన్నులు వంగుతాయి. చిప్ వేడిని కూలర్‌కి చేర్చే థర్మల్ పేస్ట్ పాతది పూర్తిగా తుడిచి, బియ్యపుగింజంత కొత్తది వేయండి.