కంట్రోలర్ మీద పానకం ఒలికితే: లక్షణం, కారణం, పరిష్కారం

బరంపురంలో ఏప్రిల్ వచ్చిందంటే ఇంటింటా తీపి పానీయాలే. మన ఇళ్లలో శ్రీరామనవమికి బెల్లం పానకం చేస్తే, ఒడియా ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి పణా సంక్రాంతికి మారేడు గుజ్జుతో చేసిన బేల పణా గ్లాసులు వస్తాయి. గేమ్ కంట్రోలర్లు తడిసేదీ ఎక్కువగా ఆ రోజుల్లోనే. అప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒక్కటే: తుడిచి, ఆరబెట్టి, పని అయిపోయిందనుకుంటారు. నీరు ఆవిరైపోతుంది గాని, అందులోని చక్కెర, ఉప్పు, పాల మీగడ లోపలి సర్క్యూట్ బోర్డు మీదనే మిగిలిపోతాయి. అందువల్ల మంచినీళ్లు పడితే ఆరబెట్టాలి; తీపి, ఉప్పు, పాలు ఉన్నది ఏది పడినా ముందు కడిగి, ఆ తరువాతే ఆరబెట్టాలి.

లక్షణం: ఇప్పుడే ఒలికింది, ఇంకా బాగానే పనిచేస్తోంది

పనిచేస్తున్నంత మాత్రాన గండం గడిచినట్లు కాదు. తడిసిన రాగి గీతల మధ్య విద్యుత్తు ప్రవహిస్తూ ఉంటే ఒకవైపు రాగి కరిగిపోతూ ఉంటుంది. ఆ నష్టం నిమిషాల్లోనే మొదలవుతుంది. కాబట్టి పనిచేస్తోందో లేదో చూద్దామని బటన్లు నొక్కవద్దు. కేబుల్ ఉంటే వెంటనే పీకేయండి. మామూలు ఎక్స్‌బాక్స్ కంట్రోలరయితే వెనుక మూత తీసి రెండు సెల్స్ బయటకు తీస్తే చాలు. ప్లేస్టేషన్ 4, 5 కంట్రోలర్లలో బ్యాటరీ లోపలే ఉంటుంది కనుక పీఎస్ బటన్‌ను సుమారు 10 సెకన్లు నొక్కిపట్టి ఆపివేయాలి. తరువాత బటన్లు కిందికి ఉండేలా బోర్లించి, పాత నూలు గుడ్డతో అద్దాలి. విదిలించకూడదు, విదిలిస్తే పైన ఉన్న ద్రవం లోపలి మూలలకు చేరుతుంది.

బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, పైగా బియ్యపు పిండి చార్జింగ్ రంధ్రంలో పేరుకుంటుంది. హెయిర్ డ్రయ్యర్ వేడికి ప్లాస్టిక్ వంకర పోతుంది. మన వేసవి ఎండలో మేడ మీద పెట్టడం అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే లోపలున్న లిథియం బ్యాటరీ అంత వేడిని భరించలేదు.

లక్షణం: నొక్కిన బటన్ నెమ్మదిగా పైకి లేస్తుంది, లేదా లేవదు

బటన్‌కు, అది కదిలే రంధ్రానికి మధ్య చక్కెర పాకంలా గట్టిపడడమే దీనికి కారణం. కంట్రోలర్ విప్పక తప్పదు. ప్లేస్టేషన్ 4 కంట్రోలర్ వెనుక నాలుగు మామూలు స్క్రూలు ఉంటాయి. రెండు సగాలను ఒక పలుచని రిబ్బన్ కేబుల్ కలుపుతుంది కనుక పుస్తకం తెరిచినట్లు నెమ్మదిగా తెరిచి, మొట్టమొదట బ్యాటరీ ప్లగ్ తీయాలి. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌లో నల్లని అలంకార పట్టీని ఊడదీసి, ఎల్1, ఆర్1 బటన్లను తొలగించిన తరువాతే స్క్రూలన్నీ కనిపిస్తాయి. ఎక్స్‌బాక్స్‌కు మధ్యలో రంధ్రమున్న నక్షత్రాకారపు టీ8 స్క్రూడ్రైవర్ కావాలి, ఒక స్క్రూ సెల్స్ గదిలోని లేబుల్ కింద దాగి ఉంటుంది.

ప్లాస్టిక్ బటన్లను, రబ్బరు పొరలను, పై డొప్పను సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టి, మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. బోర్డును మాత్రం ఆ నీటిలో వేయవద్దు.

లక్షణం: బటన్ దానంతటదే నొక్కుకుంటుంది

మా మేనల్లుడు ఒక సాయంత్రం వచ్చి, "మావయ్యా, నేను ముట్టుకోకుండానే మెనూ దానంతటదే కిందికి పోతోంది" అన్నాడు. వారం కిందట దాని మీద బేల పణా పడిందని, పైపైన తుడిచేశామని అడగ్గా అడగ్గా చెప్పాడు. విప్పి చూస్తే పైన ఏమీ లేదు. బటన్ల కింద ఉండే పారదర్శకపు ప్లాస్టిక్ పొరను ఎత్తితే, నల్లని కార్బన్ గీతల మీద మారేడు పీచు తేనెరంగు మరకలో అతుక్కుని ఉంది.

ఈ బటన్ పనిచేసే తీరు తెలిస్తే కారణం ఇట్టే అర్థమవుతుంది. రబ్బరు పొర అడుగున ఉన్న నల్లని బిళ్ల కిందికి దిగి, విడిగా ఉన్న రెండు కార్బన్ గీతలను కలిపినప్పుడు కంట్రోలర్ దానిని "నొక్కారు" అని గ్రహిస్తుంది. తడి, తీపి జిగురు కూడా ఆ గీతలను అలాగే కలిపివేస్తుంది. కొబ్బరినీళ్లలో లవణాలు ఉంటాయి గనుక అవి పడినా ఇదే జరుగుతుంది. దీనికి విరుద్ధంగా, జిగురు పూర్తిగా ఎండి గట్టి పొరగా మారితే బటన్ ఎంత నొక్కినా పలకదు.

పరిష్కారానికి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో దూది ఇయర్ బడ్ తడిపి చక్కెరను కరిగించండి, ఎందుకంటే ఎలక్ట్రానిక్స్ శుభ్రం చేయడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చక్కెర దాదాపు కరగదు. ఈ మాట నొక్కి చెబుతున్నాను: ముందే ఆల్కహాల్ పోసి ఫలితం లేదని నిరాశపడేవారిని నేను చాలామందిని చూశాను. బోరు నీరు వాడితే అందులోని లవణాలు మిగిలిపోతాయి. తరువాత 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరొకసారి అద్దితే మిగిలిన తడిని అది తనతో తీసుకుపోతుంది. కార్బన్ గీతలను గట్టిగా రుద్దవద్దు, చెరిగిపోతాయి. శానిటైజర్‌లో గ్లిజరిన్ వంటివి ఉంటాయి కనుక అది పనికిరాదు. ఆల్కహాల్ వాడేటప్పుడు పొయ్యి, దీపం దగ్గర లేకుండా కిటికీలు తెరిచి ఉంచండి.

లక్షణం: ముట్టుకోకుండానే ఆటలోని పాత్ర ఒక వైపుకు నడుస్తుంది

సాధారణ జాయ్‌స్టిక్‌లో అడ్డు, నిలువు కదలికలకు ఒక్కొక్కటి చొప్పున రెండు పొటెన్షియోమీటర్లు (స్టిక్ ఎంత వంగిందో కొలిచే భాగాలు) ఉంటాయి. వాటిలోని కార్బన్ పట్టీ మీద మరక చేరితే కంట్రోలర్‌కు తప్పు కొలత అందుతుంది. పక్కనున్న ఆకుపచ్చని గదుల సందులలో రెండు చుక్కల ఆల్కహాల్ వేసి, స్టిక్‌ను అన్ని వైపులా తిప్పి, బాగా ఆరనివ్వండి. తగ్గకపోతే జాయ్‌స్టిక్ మార్చాలి. దానికి 14 చోట్ల టంకం తీయవలసి ఉంటుంది గనుక అనుభవం లేకపోతే మొబైల్ రిపేరు చేసేవారికి అప్పగించడమే మంచిది.

లక్షణం: చార్జింగ్ ఎక్కదు

రంధ్రంలోని పిన్నుల మీద ఆకుపచ్చని చిలుము కనిపిస్తే ఆల్కహాల్‌తో తడిపిన సన్నని బ్రష్‌తో శుభ్రం చేయండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే దానిని గుచ్చకుండా, చార్జి చేయకుండా పక్కన పెట్టి కొత్తది వేయించండి.

లక్షణం: బాగయింది, నెలరోజుల తరువాత మళ్లీ చెడింది

గోపాలపురం సముద్రపు గాలి మన ఊరిదాకా వస్తుంది. వర్షాకాలంలో తేమ మరీ ఎక్కువ. మిగిలిపోయిన కొద్దిపాటి ఉప్పు, చక్కెర ఆ తేమను పీల్చుకుని నెమ్మదిగా రాగిని తినేస్తాయి. అందుకే కడిగిన భాగాలన్నిటినీ ఫ్యాను కింద కనీసం 24 గంటలు, వర్షాకాలంలోనయితే 48 గంటలు ఆరనిచ్చి, చిప్పుల అంచులలో తెల్లని పొడి గాని ఆకుపచ్చని చుక్కలు గాని మిగిలాయేమో టార్చ్ వెలుగులో చూసి, ఏమీ లేవని రూఢి చేసుకున్నాకే బ్యాటరీ ప్లగ్ తిరిగి పెట్టండి.